రెండువందల పన్నెండు చెరువులు

పటాలు ప్రజల ఆస్తి అని ప్రభుత్వం వారికి ఒక మంగళవారం నాడు తెలిసింది. సోమవారం సాయంత్రం దాకా అవి రహస్య పత్రాలే.

మా జిల్లా పటాల కార్యాలయంలో నేను ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పేరు లచ్చుభుక్త శాంతమూర్తి, హోదా సీనియర్ అసిస్టెంటు. ఇన్నేళ్లూ నేను చేసిన ముఖ్యమైన పని పటాలు ఎవరికీ చూపించకుండా ఉండడం. మా ఊరి పటం కావాలని ఎవరైనా వస్తే, "ఎందుకు? మీ ఊరికి మీకు దారి తెలీదా?" అని అడిగేవాణ్ణి. చాలామంది ఆ ప్రశ్నకే తిరిగి వెళ్లిపోయేవారు. వెళ్లనివాళ్లకి ఒక ఫారం ఇచ్చేవాణ్ణి. కావలసిన ప్రదేశం ఎక్కడుందో చూపించే పటం ఒకటి ఆ ఫారానికి జతపరచాలి. దాంతో మిగిలినవాళ్లు కూడా వెళ్లిపోయేవారు.

మంగళవారం నాటి ఉత్తర్వుతో ఇదంతా తారుమారైంది. ఇకమీదట ఏ పటమైనా ఎవరికైనా ఉచితం. కాగితం మీద కావాలంటే కాగితం, కంప్యూటర్లో కావాలంటే కంప్యూటరు. నెలలోగా జిల్లాలోని రెండువందల పన్నెండు పటాలూ రాజధానికి పంపాలి. అక్కడ వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి లోకానికి వదిలేస్తారు.

మా డిప్యూటీ డైరెక్టరు సనపల త్రినాథరావు గారు ఉత్తర్వు రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు. ఆయన ఫైలు భాష తప్ప మరో భాష మాట్లాడరు. టీ కావాలన్నా "తేనీటి విషయమై తగు చర్య తీసుకోవలెను" అంటారు.

"శాంతమూర్తి గారూ, ఇందులో ఒక ప్రమాదం ఇమిడి ఉన్నది. ఉచితముగా పొందిన పటమును ఎవరైనా అమ్ముకొనినచో?"

"అమ్ముకొనినచో ఏమవుతుందండీ?"

"ఉచితమునకు అర్థమే పోవును. కావున ప్రతి పటముపై 'ఉచితం' అను ముద్ర ఉండవలెను."

ముద్ర చేయించాం. చేసినవాడు అక్షరాలు పైకి తేల్చడానికి బదులు లోపలికి తవ్వాడు. అందుచేత కాగితం మీద మూడు సెంటీమీటర్ల నిండు నీలం బిళ్ల పడి, అందులో అక్షరాలు మాత్రం తెల్లగా మిగిలేవి. తిప్పి పంపుదామన్నాను. త్రినాథరావు గారు చేయి దూరంగా పెట్టి చూసుకుని, చాలా నిండుగా ఉన్నదని మెచ్చుకున్నారు.

నకళ్ల మీద వేస్తే చాలదా అని కూడా అడిగాను.

"అసలు ఉచితము కానప్పుడు నకలు ఎట్లు ఉచితమగును?" అన్నారాయన.

రెండువందల పన్నెండు అసలు పటాల మీదా నా చేత్తోనే ముద్ర వేశాను. కుడివైపు కింది మూల, అంచుకి సరిగ్గా నాలుగు సెంటీమీటర్లు ఇవతల, స్కేలు పెట్టి కొలిచి మరీ వేశాను. ఒక్కటీ వెంట్రుకవాసి పక్కకి జరగలేదు. ఆ పనిలో నాకు వంక పెట్టగలవాడు ఈ జిల్లాలో పుట్టలేదు. ఆ విషయం తర్వాత చాలామంది ఒప్పుకున్నారు, కానీ వాళ్లు ఒప్పుకున్న తీరు వేరు.

పటాలు రాజధానికి వెళ్లాయి. సంక్రాంతి సెలవులయ్యాక పటాల వెబ్‌సైటు తెరిచారు. మేం స్వీట్లు పంచుకున్నాం. ఇంజనీర్లు, వ్యవసాయం వాళ్లు, రోడ్ల వాళ్లు అందరూ పాత కాగితాలు అటక మీద పడేసి, కంప్యూటర్లో పటం చూసి పని చేయడం మొదలుపెట్టారు. ఇక తప్పు జరగడానికి వీల్లేదని అందరూ అన్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బిడ్డిక సుక్కమ్మ మా కార్యాలయానికి వచ్చింది. పిట్టమానుగూడ అనే కొండ పల్లెకి వార్డు మెంబరు. యాభై ఏళ్లుంటాయి. కొండ చీపుళ్ల మోపు గుమ్మం దగ్గర దించి, ఇంజనీరు ఆఫీసు వారి కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టింది.

"బావూ, మా గూడ సెరువులో ములిగిపోనాదంట. ఎప్పుడు ములిగినాదో కూసింత సూసి సెప్పండి. నాను పొద్దున్న ఆడ్నించే ఒచ్చినాను."

కాగితం చదివాను. ఊరి ముందు పారే గెడ్డ మీద, అంటే కొండవాగు మీద, వంతెన కావాలని గూడ వాళ్లు పెట్టుకున్న అర్జీకి అది జవాబు. 'సదరు గ్రామము జలాశయ గర్భమున ఉన్నందున, సదరు గెడ్డ పటమున కానరానందున, వంతెన అవసరము లేదు. పడవ కొరకు వేరుగా దరఖాస్తు చేసుకొనవలెను' అని ఉంది.

"గెడ్డ ఉందా?" అని అడిగాను.

"ఉన్నాదా అంటారేటి బావూ! వోనాకాలం గుండెలకాడికి ఒస్తాది. అంబులెన్సు అవతలొడ్డున ఆగిపోద్ది. పోయినేడు నా పెద్దకోడల్ని డోలీ కట్టి మోసినాం. గెడ్డ దిగినాది కాదు. పొద్దున్నుంచి సందేళ దాకా ఒడ్డునే కూకున్నాం. పిల్ల దక్కింది, కడుపులోది దక్కనేదు." సుక్కమ్మ చీర చెంగు సర్దుకుంది. "ఈపాలి సిన్నకోడలు సిలకమ్మకి నాలుగో నెల. సావణంలో నీళ్లాడతాది. సావణానికి గెడ్డ ఎలాగుంటాదో మీకు ఎరికే కదా."

నాకు ఎరికలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో నేను ఏ గెడ్డా చూడలేదు. ఆ మాట బయటికి అనకుండా కంప్యూటరు తెరిచాను.

పిట్టమానుగూడ ఉండవలసిన చోట చెరువుంది. గుండ్రంగా, కిలోమీటరున్నర వెడల్పున, నాలుగువందల ముప్పై ఎకరాల పైచిలుకు. దాని మధ్యలో మూడు దీవులున్నాయి. ఆ దీవుల్ని ఎక్కడో చూసినట్టు అనిపించింది. తల పక్కకి వంచి చూశాను. ఉ. చి. తం. పిట్టమానుగూడ సరిగ్గా 'త' పక్కన సున్నలో పడింది.

తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, రాజధానిలోని కంప్యూటరుకి నీలం కనిపిస్తే నీళ్లు అనుకోమని నేర్పారట. అది బుద్ధిగా అలాగే అనుకుంది. జిల్లాలో ఉత్తరం నుంచి దక్షిణం దాకా, సమాన దూరంలో, ఒకే కొలతలో, రెండువందల పన్నెండు కొత్త చెరువులు వెలిశాయి. ప్రతిదాంట్లోనూ మూడేసి దీవులు. పట్టణంలో పడినది బస్టాండుని, రెండు సినిమా హాళ్లని ముంచేసింది. వాటికి వంతెనలతో పనిలేదు కనక ఎవరూ గమనించలేదు.

సుక్కమ్మని కూర్చోబెట్టి త్రినాథరావు గారి గదిలోకి వెళ్లి, అది చెరువు కాదండీ, నా ముద్ర అని ఉన్నమాట చెప్పేశాను.

"ముద్ర మన కార్యాలయమున ఉన్నంతవరకే ముద్ర. రాజధానికి పోయి తిరిగి వచ్చిన పిమ్మట అది ప్రభుత్వ సమాచారము."

"తప్పు సమాచారం కదండీ!"

"తప్పని నిరూపించుటకు తప్పులేని ప్రభుత్వ పటమును జతపరచవలెను."

"ఉన్న పటం ఇదొక్కటేనండీ. అసలు మీద కూడా మనమే ముద్ర వేశాం."

"అందుచేత స్థల పరిశీలన ఒక్కటే మార్గము," అన్నారాయన సంతోషంగా. ఆయన కార్యాలయం దాటి పదేళ్లయింది.

జలాశయాలను పడవలోనే పరిశీలించాలని నిబంధన ఉంది. మరో శాఖ నుంచి పడవ అరువు తెచ్చి లారీ మీద ఎక్కించాం. గెడ్డ దగ్గర లారీ ఆగిపోయింది. అప్పటికి గెడ్డ మోకాలి లోతుంది. పడవని నీళ్లలో దించుదామన్నాను.

"ఈ గెడ్డ పటమున లేదు. పడవ మంజూరైనది చెరువునకు మాత్రమే," అన్నారు త్రినాథరావు గారు.

గూడ వాళ్లు పన్నెండుమంది పడవని భుజాల మీద పెట్టుకుని గెడ్డ దాటించారు. సుక్కమ్మ ముందు నడుస్తూ దారి చూపించింది. అవతల అప్పలస్వామి అనే రైతు మడిలో, చోడి పంట కోసేసిన మోళ్ల మీద పడవ దించారు. పటం ప్రకారం అది చెరువు లోపలే. త్రినాథరావు గారు లైఫ్ జాకెట్టు తొడుక్కుని పడవెక్కారు. నన్నూ ఎక్కమన్నారు. ఎక్కాను. తాడుకి సీసపు గుండు కట్టి పక్కకి వదిలాం. అది టప్పుమని నేల మీద పడింది. అప్పలస్వామి దాన్ని తీసి, తుడిచి, మళ్లీ నా చేతికిచ్చాడు.

"లోతు ఎంత?"

"లేదండీ."

"లేదు అని నివేదికలో వ్రాయరాదు. 'లోతు కొలతకు అందలేదు' అని వ్రాయుడు."

రాశాను. దిగేటప్పుడు ఆయన అంచు పట్టుకుని జాగ్రత్తగా దిగారు. ఇంతమంది ఇంత మర్యాదగా చోడి మడిలో నిలబడి ఉండగా నవ్వకుండా ఉండడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. గూడ పిల్లలు ఆ కష్టం పెట్టుకోలేదు.

నివేదిక పైకి వెళ్లిన వారానికే మా జిల్లాకి గొప్ప పేరు వచ్చింది. లోతు కొలతకు అందని చెరువులు రెండువందల పన్నెండు ఉన్న జిల్లా మరొకటి లేదు. చేపల శాఖ వాళ్లు చేపపిల్లల డబ్బాలతో పిట్టమానుగూడ వచ్చి, చెరువు ఒడ్డు ఎటు అని అడిగారు. గూడ వాళ్లు గెడ్డ చూపించారు. అందులో ఒంపి, ఫొటో తీయించుకుని, లెక్క సరిపోయిందని వెళ్లిపోయారు. ఆ తర్వాత గూడలో రోజు విడిచి రోజు చేపల పులుసు. మా శాఖ తరఫున ప్రజలకి అందిన మొదటి ప్రయోజనం అదేనని నా అభిప్రాయం.

పట్టణంలో సదస్సు జరిగింది. ఒక ఆచార్యులు గారు గంటన్నర మాట్లాడారు. వృత్తలేఖిని పెట్టి గీసినట్టు ఇన్ని చెరువులు తవ్విన మన పూర్వీకుల జలవిజ్ఞానం ముందు నేటి ఇంజనీర్లు దిగదుడుపేనన్నారు. దీవులు తెలుగు అక్షరాల్లా కనిపిస్తున్నాయండీ అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. ఆచార్యులు గారు ఒక్క క్షణం పటం వైపు చూశారు. మన లిపి ఎంత ప్రాచీనమో ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని పటానికి దండం పెట్టారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. అక్షరాలు నావే కదా.

ఇదంతా ఇలా జరుగుతుండగా మార్చి వచ్చింది. వంతెన సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. సుక్కమ్మ ప్రతి సోమవారం కలెక్టరు గారి అర్జీల రోజుకి వచ్చి, వరసలో నిలబడి, "గూడ ములిగిపోనేదు" అని చెప్పి వెళుతోంది. ప్రతిసారీ నాకు కోపం వచ్చేది. ఆవిడ మీద కాదు, బల్ల ఇవతల కూర్చున్న నా మీద. సవరణ కోరుతూ నేను రాసిన లేఖలు ఐదు. ఒక్కదానికీ జవాబు లేదు.

ఆ నెల మూడో సోమవారం ఆవిడ వాదన మార్చింది. కలెక్టరు గారు కొత్తగా వచ్చినావిడ, మాట వింటారు. పక్కన ఇంజనీరు, త్రినాథరావు గారు, ఫైళ్లు పట్టుకుని నేను.

"అమ్మా, ఇన్నాళ్లూ తగువాడినాను. ఇంక ఆడను," అంది సుక్కమ్మ. "మీ పటం పెకారం మాది దీవేనంట. సరే, దీవే. ఒప్పీసుకున్నాం. దీవిలో వోళ్లం ఒడ్డుకి ఎలాగొస్తాం తల్లీ? రోగం ఒస్తే, నొప్పులొస్తే దీవిలోనే సచ్చిపోమంటారా?"

కలెక్టరు గారు త్రినాథరావు గారి వైపు తిరిగారు. "అక్కడ నిజంగా దీవి ఉందా?"

ఆయన ఇరకాటంలో పడ్డారు. లేదంటే పటం తప్పవుతుంది. ఆయన జీవితంలో పటం ఎప్పుడూ తప్పు కాలేదు.

"కలదండి. జనావాస ద్వీపము," అన్నారు.

"ద్వీపవాసుల పథకం ఒకటి ఉండాలి కదా?"

ఉంది. సముద్రపు పక్క జిల్లాల కోసం పెట్టిన పథకం పొరపాటున మా కొండ జిల్లాకి కూడా వచ్చింది. దీవులు లేక దాని డబ్బు ఏటా ఖర్చుకాకుండా తిరిగిపోతోంది. ఆ యేడాది తిరిగిపోవడానికి ఇంకా పది రోజులే గడువుంది. ఇంజనీరు మొహం ఒక్కసారి వికసించింది. 'అవసరము లేదు' అని రాసిన చేత్తోనే మూడు రోజుల్లో అంచనా తయారుచేశాడు. ఒడ్డు నుంచి దీవికి పటం మీద రెండు మిల్లీమీటర్లు, అంటే నేల మీద వంద మీటర్లు. అంబులెన్సు పట్టేంత వెడల్పు ఇనుప వంతెన.

గెడ్డ వెడల్పు పద్దెనిమిది మీటర్లేనని చెప్పడానికి నోరు తెరిచాను. సుక్కమ్మ నా వైపు చూసింది. మూసేశాను.

వంతెన పని ఉగాదికి మొదలైంది. పద్దెనిమిది మీటర్లు గెడ్డ మీద, మిగతాది అప్పలస్వామి మడి మీద. కట్టడం మడి వైపు నుంచే మొదలుపెట్టారు. ఎండాకాలం పశువులు దాని కింద నీడన పడుకునేవి. రోజూ పని ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడం నాకు అలవాటైపోయింది.

జ్యేష్ఠ మాసంలో, ఇంకా ముప్పై మీటర్లు మిగిలి ఉండగా, రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. నా ఐదు లేఖల్నీ ఎవరో మహానుభావుడు చదివాడు. 'మీరు సూచించిన పొరపాటు వాస్తవమే. చెరువులన్నిటినీ వెంటనే తొలగించుటకు సమ్మతి తెలుపవలెను.'

చెరువు పోతే దీవి పోతుంది. దీవి పోతే పథకం పోతుంది. పథకం పోతే వంతెన గెడ్డ దాటకుండా మడిలోనే ఆగిపోతుంది. సుక్కమ్మ చిన్నకోడలు చిలకమ్మకి ఎనిమిదో నెల.

నేను ఫైళ్లు దాచేవాణ్ణి కాదు. అది నేరం. కానీ ఫైలుని పద్ధతిగా నడిపించడం నేరం కాదు. 'చెరువు తొలగింపునకు సంబంధిత శాఖల అభ్యంతరములు లేవని ధ్రువపత్రములు అవసరము' అని రాసి, నీటిపారుదల వారికి ఒకటి, చేపల వారికి ఒకటి పంపాను. నీళ్లు తోడకుండా చెరువు తొలగించడానికి వీల్లేదని నీటిపారుదల వారు రాశారు. తోడితే మా చేపల గతేమిటని చేపల వారు రాశారు. ముందుగా చేపలు పట్టించమని నీటి వాళ్లు, ముందుగా లోతు చెప్పమని చేపల వాళ్లు. లోతు కొలతకు అందలేదని మేం. ఇరవై తొమ్మిదేళ్ల నా ఉద్యోగానుభవం అంతా ఆ రెండు నెలల్లో పనికొచ్చింది.

ఆషాఢం చివర వంతెన పూర్తయింది. శ్రావణంలో రెండో శుక్రవారం, కుండపోత వానలో, చిలకమ్మకి నొప్పులొచ్చాయి. గెడ్డ గుండెల లోతున పోతోంది. అంబులెన్సు వంతెన మీదుగా సరాసరి సుక్కమ్మ గుమ్మం దాకా వెళ్లింది. మధ్యాహ్నం రెండింటికి మండల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమమని సుక్కమ్మ ఎవరి సెల్‌ఫోనులోనో నాకు చెప్పింది. వానకి సరిగ్గా వినబడలేదని మళ్లీ చెప్పమన్నాను. వినబడింది. అయినా మళ్లీ వినాలనిపించింది.

మర్నాడు సమ్మతి పత్రం పంపేశాను.

రాజధాని వాళ్లు వెంటనే చెరువులు తుడిచేశారు. తుడిచేటప్పుడు ఆ గుండ్రంలో ఉన్నవన్నీ కలిపి తుడిచేశారు. ఇప్పుడు పటంలో పిట్టమానుగూడ చోట తెల్లటి ఖాళీ, అందులో కొత్తగా ఎక్కించిన వంద మీటర్ల వంతెన మాత్రం ఉన్నాయి.

త్రినాథరావు గారు దాని మీద వేలు పెట్టారు. "శాంతమూర్తి గారూ, ఈ వంతెన ఎక్కడి నుండి ఎక్కడికి?"

"కనుక్కొస్తానండీ," అన్నాను.

తెల్ల కాగితం, పెన్సిలు, టేపు పట్టుకుని, ఈసారి పడవ లేకుండా పిట్టమానుగూడ వెళ్లాను. వంతెన మీద నడిచాను. కింద గెడ్డ ఎర్రగా, కోపంగా పోతోంది. పటాల కార్యాలయం వాడొకడు పటంలోని చోటుని కళ్లతో చూసి పటం గీయడం మా జిల్లాలో అదే మొదటిసారి అయి ఉంటుంది. సుక్కమ్మ వెంట తిరుగుతూ చెప్పింది, నేను గీశాను. గెడ్డ. బడి. చింతతోపు. బోరింగు. ఇళ్లు ఒక్కొక్కటే, ఇరవై మూడు. గీతలు వంకరగా వచ్చాయి. ముద్ర వేసినంత బాగా రాలేదు.

ఆఖర్న వాళ్ల అరుగు మీద కూర్చున్నాం. సుక్కమ్మ మనవరాలిని ఒళ్లో వేసుకుని కాగితం తన వైపు తిప్పుకుంది. తన ఇల్లు ఏదో అడిగింది. చూపించాను.

"దీన్ని కూడా ఎయ్యండి బావూ," అంది, పసిదాన్ని చూపిస్తూ.

"పటాల్లో మనుషుల్ని వెయ్యరమ్మా."

సుక్కమ్మ పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"ఎయ్యరు గాబట్టే కదా బావూ, మా మీద సెరువేసీసినారు."